డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డతో ఇంట్లో రోజు: ముద్ద, మాట, చెడ్డీ, చదువు

స్కూలు ఆటో వచ్చే వేళకి చాలా ఇళ్లలో కనిపించేది ఇదే. ఆరేళ్ల పిల్లాడు హాల్లో నిలబడి ఉంటాడు. అమ్మ చొక్కా తొడుగుతుంది, నానమ్మ నోట్లో ఇడ్లీ ముక్క పెడుతుంది, అక్క బూట్లు వేస్తుంది. ఐదు నిమిషాల్లో పిల్లాడు రెడీ, వాడు మాత్రం వేలు కూడా కదపలేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు ఈ పనులన్నీ నేర్చుకోగలరు. కాకపోతే ఆలస్యంగా నేర్చుకుంటారు, మామూలు పిల్లలు పదిసార్లు చేసేది వీళ్లు వందసార్లు చేయాలి. ఇంట్లో నలుగురూ పోటీపడి చేసి పెడుతుంటే ఆ వందసార్లు ఎప్పటికీ పూర్తికావు. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఏ పనిని ఎన్ని ముక్కలు చేయాలి, ఏ ముక్క బిడ్డకు వదలాలి, ఎక్కడ మనం చెయ్యి వేయాలి అన్నదాని గురించే.

దీనికి ముందు బిడ్డ ఒంటి తీరు తెలియాలి. కండరాల్లో బిగువు తక్కువ, కీళ్లు వదులు. చేతులూ వేళ్లూ కాస్త పొట్టి. చూసింది బాగా గుర్తుంటుంది, విన్నది త్వరగా జారిపోతుంది. "చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, అన్నానికి రా" అంటే మూడు పనుల్లో ఒకటి మిగులుతుంది, అదీ చివరిదే. పైగా అడిగిన మాటకు జవాబు రావడానికి టైము పడుతుంది. ఇంట్లో వచ్చే గొడవల్లో సగం ఈ మూడింటి దగ్గరే పుడతాయి.

ముందు చెవి, కన్ను, థైరాయిడ్, గుండె, మెడ

మొండితనం అనుకున్నది వినపడకపోవడం కావచ్చు, బద్ధకం అనుకున్నది థైరాయిడ్ కావచ్చు. అందుకే ఏ శిక్షణకైనా ముందు ఈ పరీక్షలు జరగాలి.

డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన బిడ్డల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. డాక్టరు స్టెతస్కోపుకి ఏ తేడా చప్పుడూ వినపడకపోయినా ఎకో (గుండె స్కానింగ్) తీయించండి. కొన్ని రకాల లోపాలకు ఆరు నెలలు దాటకుండా ఆపరేషన్ జరగాలి. ఆలస్యమైతే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగిపోయి ఇక ఆపరేషన్‌కు వీలుండదు. థైరాయిడ్ పరీక్ష పుట్టినప్పుడు, ఆరో నెలలో, ఏడాదికి, ఆ తర్వాత ఏటా చేయించాలి. మాత్ర రాస్తే పరగడుపున, పొడి చేసి చెంచాడు నీళ్లలో కలిపి వేయండి. పాలసీసాలో కలిపితే సీసాలో మిగిలిపోయిన పాలతో పాటు మందూ పోతుంది. ఐరన్, కాల్షియం సిరప్‌లకీ ఈ మాత్రకీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి.

వీళ్ల చెవి రంధ్రాలు సన్నగా ఉంటాయి, చెవి లోపల జిగురు నీరు చేరుతుంది. ఇవాళ వినపడుతుంది, జలుబు చేసిన వారం వినపడదు. పుట్టినప్పుడు పరీక్షలో బాగానే ఉందన్న ధీమా వద్దు, చిన్నతనంలో ఆరు నెలలకోసారి చూపించాలి. కళ్లు ఆరు నెలల్లోపు ఒకసారి, ఆపైన ఏటా. అద్దాలు రాస్తే ముక్కు దూలం పల్చగా ఉంటుంది కాబట్టి జారిపోతుంటాయి. తల వెనక్కి కట్టే ఎలాస్టిక్ పట్టీ అడిగి వేయించుకోండి.

మెడ పైభాగంలో మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు కొందరిలో వదులుగా ఉంటుంది. పిల్లిమొగ్గలు, ట్రాంపోలిన్, తలకిందులుగా పట్టుకుని ఊపడం వద్దు. నడక ఉన్నట్టుండి తేడాగా మారినా, చేతిపట్టు తగ్గినా, మెడ వంకరగా పెట్టినా, ఒంటికి అదుపు వచ్చిన బిడ్డ మళ్లీ బట్టల్లోనే పోస్తున్నా అదే రోజు ఆసుపత్రికి. ఏ ఆపరేషన్‌కైనా ముందు మత్తు డాక్టరుకి ఈ మెడ సంగతి మీరే చెప్పండి.

ఇంకొక్కటి. ఈ పరిస్థితి ఎవరి తప్పు వల్లా రాలేదు, గ్రహణం వల్లో తిన్న తిండి వల్లో అసలే కాదు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటమే కారణం. అయినా కారియోటైప్ (క్రోమోజోముల పరీక్ష) రిపోర్టు దాచుకోండి. నూటికి 95 మందిలో ఇది మామూలు రకం. మూడు నలుగురిలో మాత్రం ఆ క్రోమోజోము ముక్క వేరే క్రోమోజోముకి అతుక్కుని ఉంటుంది. అలా ఉంటే తర్వాతి కాన్పుకి ముందు తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష అవసరం.

పాలు, మొదటి ముద్దలు

నోటి కండరాలు వదులుగా ఉండటంతో పసిబిడ్డ పాలు తాగుతూనే అలిసిపోయి నిద్రపోతుంది. ఏడవలేదు కదా, ఆకలి లేదేమో అనుకోకండి. రెండు మూడు గంటలకోసారి లేపి పట్టాలి. చూపుడు వేలు, బొటనవేలు బిడ్డ రెండు బుగ్గల మీద, మిగతా అరచెయ్యి గడ్డం కింద ఉండేలా దవడను ఆనించి పట్టుకుంటే చప్పరింపు నిలుస్తుంది. తల పొట్ట కంటే ఎత్తులో ఉండాలి. పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గొంతులో పోసే అలవాటు ఈ పిల్లల విషయంలో ప్రమాదం: పాలు ఊపిరితిత్తుల్లోకి, చెవి వైపుకి పోతాయి. ముక్కు దిబ్బడగా ఉంటే ముందు సెలైన్ చుక్కలు వేసి, తర్వాత పాలు. ముక్కులో నూనె చుక్కలు వేయకూడదు, అదీ ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది.

ఆరు నెలలు నిండాక గట్టి తిండి. కూర్చోబెట్టే తీరే ఇక్కడ ముఖ్యం. కాళ్లు గాల్లో వేలాడితే బిడ్డ బలమంతా నడుము నిలబెట్టుకోవడానికే పోతుంది, నమలడానికి మిగలదు. పాదాల కింద పీటో, పాత పుస్తకాల కట్టో పెట్టండి. చెంచా లోతు లేనిది, బిడ్డ నోటికి సరిపోయే వెడల్పుది కావాలి. చెంచాను నాలుక మధ్యలో ఆనించి మెల్లగా కిందికి నొక్కి ఆగండి. పై పెదవి దిగి చెంచాను మూసేదాకా ఆగాలి. తర్వాత తిన్నగా బయటికి లాగండి. చాలామంది చేసే పొరపాటు చెంచాను పైకెత్తి పై చిగుళ్లకి రాసి ముద్ద దులపడం. అలా చేస్తే పెదవికి పని ఉండదు, నాలుక బయటికి తోసే అలవాటు పోదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మిక్సీ. ఏడో నెలలో మొదలుపెట్టిన మెత్తటి పేస్టే నాలుగేళ్లు వచ్చినా నడుస్తుంటుంది, "నమలడు, కక్కేస్తాడు" అని. నమిలే అవకాశం ఇవ్వకపోతే నమలడం ఎలా వస్తుంది? దిగే మెట్లు ఇవి:

1. రాగిజావ, పెసరపప్పు కట్టు: చెంచా వంచితే జారీజారనంత చిక్కగా.
2. పాలల్లో నానిన ఇడ్లీ, నెయ్యి వేసి మెదిపిన పప్పన్నం. మిక్సీ కాదు, వేళ్లతోనో ఫోర్కుతోనో మెదపాలి. చిన్న పలుకులు తగలాలి.
3. ఉడికిన క్యారెట్, చిలగడదుంప, పండిన బొప్పాయి మీ చిటికెన వేలంత పొడవు ముక్కలు. ముక్కను నోటి ముందు కాదు, దవడ పక్కన చిగుళ్ల మధ్య పెట్టి మీరే పట్టుకోండి, బిడ్డ కొరకనివ్వండి. ఓసారి కుడి పక్క, ఓసారి ఎడమ పక్క.
4. మెత్తటి దోశ ముక్క, చపాతీ ముక్క, ఉప్మా, పెరుగన్నం.

ఒక్కో మెట్టు దగ్గర నెలా రెండు నెలలు ఆగినా నష్టం లేదు. మెట్టు దిగినప్పుడు రెండు మూడు రోజులు ఓకరింపు సహజమే. దగ్గడం, నీలంగా మారడం, తిన్న ప్రతిసారీ గొంతులో గరగరా, పదేపదే నిమ్ము చేయడం మాత్రం సహజం కాదు. అలాంటప్పుడు స్పీచ్ థెరపిస్టు మింగడాన్ని పరీక్షించి చెప్పేదాకా కొత్త మెట్టు వద్దు. వేరుశనగ గింజలు, మరమరాలు, చెగోడీలు, గుండ్రటి ద్రాక్ష ఐదేళ్లు వచ్చేదాకా దూరంగా ఉంచండి. ద్రాక్ష ఇవ్వాలంటే నిలువునా నాలుగు చీలికలు.

స్ట్రా నేర్పితే పెదవులు, నాలుక రెండూ బాగుపడతాయి, మాటకూ అది మేలు. నొక్కితే పైకి వచ్చే మెత్తటి సీసాకు స్ట్రా పెట్టండి. పెదవులకు ఆనించి సీసా కొద్దిగా నొక్కి ఒక గుక్క పంపండి. పెదవులు ముడిస్తే వచ్చిందని బిడ్డకు అర్థమవగానే నొక్కడం తగ్గిస్తూ రండి. మొదట నీళ్లు కాదు, చిక్కటి మజ్జిగో జావో అయితే గొంతులోకి దూసుకుపోదు. స్ట్రా పెదవుల మధ్యే ఉండాలి. పళ్ల మధ్యకు పోతే కొరుకుతారు, నాలుక కిందికి పోతే సీసా పాలు చప్పరించినట్టే చప్పరిస్తారు.

రెండు మూడేళ్ల తర్వాత బెంగ తిరగబడుతుంది. అప్పటిదాకా బరువు పెరగడం లేదని, అక్కడి నుంచి ఆగకుండా పెరుగుతోందని. వీళ్ల ఒంటికి ఖర్చయ్యే శక్తి తక్కువ. బిస్కెట్లతో బుజ్జగించే అలవాటు ఆ వయసుకి ముందే మానుకోవడం తేలిక. ఎదుగుదలను డౌన్ సిండ్రోమ్ పిల్లల కోసం వేరుగా ఉన్న చార్టులో చూడమని డాక్టరును అడగండి.

పొట్ట మీద, కాళ్ల మీద

సగటున వీళ్లు తొమ్మిది పది నెలలకు కూర్చుంటారు, రెండేళ్లకు నడుస్తారు. కొందరు నాలుగేళ్లు తీసుకుంటారు. తొలి నెలల్లో కాళ్లు కప్పలా రెండు పక్కలకీ పరుచుకుని పడుకుంటారు. తొడల బయట పక్కన చుట్టిన తువ్వాళ్లు పెట్టి మోకాళ్లు దగ్గరకు తెండి. మెలకువగా ఉన్నప్పుడు ఛాతీ కింద చిన్న తువ్వాలు చుట్ట పెట్టి బోర్లా వేయండి, రెండేసి నిమిషాలు, రోజుకి ఏడెనిమిదిసార్లు. చక్రాల వాకర్ కొనకండి. అందులో బిడ్డ మునివేళ్లతో నెట్టుకుంటూ పోతుంది, నిలబడే కండరాలకు పని ఉండదు. ఫిజియో నెలకు నాలుగుసార్లు చూస్తే మిగతా రోజులన్నీ మీ చేతుల్లోనే ఉంటాయి కాబట్టి, ప్రతిసారీ "ఇంటి దగ్గర ఏం చేయాలి" అని అడిగి ఫోన్లో వీడియో తీసుకుని రండి.

మాట

మాట కంటే అర్థం చేసుకోవడం చాలా ముందు వస్తుంది. ఈ ఎడంలోనే పిల్లలు విసిగి కొడతారు, గిచ్చుతారు, వస్తువులు విసురుతారు. దీనికి విరుగుడు సైగలు. సైగలు నేర్పితే మాట రాదనే భయం ఉంది, అది నిజం కాదు. సైగతో మొదలైన మాట నోటికొచ్చాక సైగ దానంతటదే రాలిపోతుంది. ఎనిమిదో నెల నుంచే ఐదు సైగలతో మొదలుపెట్టండి: పాలు, ఇంకా, చాలు, ఎత్తుకో, టాటా. ఇంట్లో అందరూ ఒకే సైగ వాడాలి. మాట, సైగ, వస్తువు మూడూ ఒకే క్షణంలో, బిడ్డ కళ్లెదుట.

అడిగాక ఆగండి. మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టండి. "బంతి కావాలా?" అని అడిగి రెండో సెకనులోనే "చెప్పు, బంతి అను, బంతి కావాలా, ఇదిగో" అని మనమే అందుకుంటాం. ఏడో సెకనులో రాబోయిన జవాబు అక్కడే ఆగిపోతుంది. బంధువుల పిల్లలకు కూడా ఈ పది లెక్క నేర్పండి, వాళ్లు పెద్దవాళ్ల కన్నా బాగా పాటిస్తారు.

బిడ్డ అన్నదానికి ఒక్క మాటే కలపండి. "బస్సు" అంటే "పెద్ద బస్సు". "పెద్ద బస్సు" అంటే "పెద్ద బస్సు వచ్చింది". తప్పు పలికితే దిద్దకండి, సరైన మాటను మీ వాక్యంలో అని ఊరుకోండి. అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్న తెలుగు కుటుంబాలకు "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, తెలుగు మానేయండి" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. రెండు భాషల ఇంట్లో పెరిగే డౌన్ సిండ్రోమ్ పిల్లలు దానివల్ల వెనకబడరు. తాతయ్య, అమ్మమ్మలతో మాట్లాడే దారి మూసేయాల్సిన పనేం లేదు.

చెడ్డీ తొడగడం, చివరి నుంచి

బట్టలు విప్పడం ముందు వస్తుంది, తొడగడం తర్వాత. ఏ పనైనా చివరి ముక్క నుంచి నేర్పడం వీళ్లకు బాగా నప్పుతుంది, ఎందుకంటే పని పూర్తయిన సంతోషం ప్రతిసారీ బిడ్డదే అవుతుంది. ఎలాస్టిక్ చెడ్డీని తీసుకుందాం. బిడ్డను గోడకు వీపు ఆనేలా చిన్న పీట మీద కూర్చోబెట్టండి. నిలబెట్టి నేర్పితే ఒంటికాలి మీద తూలకుండా చూసుకోవడమే సరిపోతుంది.

మొదటి వారం అన్నీ మీరే చేసి చెడ్డీని పిరుదుల సగం దాకా లాగి ఆపండి. నిలబెట్టి, బిడ్డ బొటనవేళ్లు ఎలాస్టిక్ లోపల పెట్టి, మీ చేతులు పైన వేసి "పైకి" అని లాగించండి. అది సొంతంగా వచ్చాక మోకాళ్ల దగ్గర ఆపండి. అదీ వచ్చాక చీలమండల దగ్గర. ఆఖరున కాళ్లు దూర్చడం. ఒక్కో మెట్టుకు రెండు మూడు వారాలు పట్టొచ్చు. సాయం ముందు చెయ్యి మీద, తర్వాత మోచేతి మీద, ఆ తర్వాత వేలితో చూపించడం, చివరికి చూపు మాత్రమే. మాటతో చేసే సాయం మానిపించడమే అన్నిటికన్నా కష్టం. "లాగు, ఊ, లాగు" అనే గొంతు లేకపోతే చెయ్యి కదలని పిల్లలున్నారు. అందుకే మొదటి నుంచీ నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ.

బట్ట ఒక సైజు పెద్దది, ఎలాస్టిక్ వదులుగా. వెనక పక్క లోపల ఎర్ర దారంతో నాలుగు కుట్లు వేస్తే వెనకా ముందూ తెలుస్తుంది. గుండీలకు విడిగా సాధన కావాలి. మందపాటి గుడ్డ ముక్కకు రూపాయి బిళ్లంత గుండీ కుట్టి, కాజా కాస్త పెద్దదిగా కోసి, ముందు విప్పడం నేర్పండి. స్కూలు చొక్కాకు పైకి గుండీలు కనిపిస్తూ లోపల అతుక్కునే పట్టీ వేయించడం నామోషీ కాదు.

ఈ సాధనకు స్కూలు రోజు పొద్దున్న పనికిరాదు. సాయంత్రం స్నానం దగ్గర పెట్టుకోండి. పొద్దున హడావుడిలో చివరి ముక్క ఒక్కటి బిడ్డకు వదిలితే చాలు.

ఒంటికి, రెంటికి

ఎక్కువమందికి మూడు నుంచి ఐదేళ్ల మధ్య పగటి అదుపు వస్తుంది, కొందరికి ఇంకా తర్వాత. రెండున్నరేళ్లకు కూర్చునే అలవాటు మొదలుపెట్టొచ్చు. బిడ్డ గంటన్నర పొడిగా ఉండగలిగితేనే అసలు శిక్షణ. మలబద్ధకం ఉంటే ముందు అది తగ్గాలి. నొప్పి పెట్టిన చోటుకి ఏ బిడ్డా ఇష్టంగా వెళ్లదు. పుట్టినప్పటి నుంచీ మలబద్ధకం ఉండి పొట్ట ఉబ్బుతుంటే పేగుల్లో లోపం ఉందేమో డాక్టరు చూడాలి.

1. ఐదు రోజులు లెక్క రాయండి. అరగంటకోసారి చూసి, తడిసిందా పొడిగా ఉందా, ఏం తాగింది, ఎప్పుడు తిన్నది రాయాలి. కాగితం చూస్తే బిడ్డ వేళలు బయటపడతాయి.
2. ఆ వేళలకు పది నిమిషాలు ముందు తీసుకెళ్లండి. తిన్న ఇరవై నిమిషాలకు తప్పనిసరి. "వస్తోందా?" అని అడగకండి, "రా" అనండి. అడిగితే జవాబు "లేదు" అనే వస్తుంది.
3. వెస్టర్న్ కమోడ్ మీద పిల్లల సీటు, కాళ్ల కింద స్టూలు. కీళ్లు వదులు కాబట్టి నేల మీది దొడ్డిలో గొంతుక్కూర్చోవడం మొదట్లో తూలుడుగా ఉంటుంది. అదే ఉంటే గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి. మగపిల్లలకైనా ముందు కూర్చోవడమే నేర్పండి.
4. మూడు నుంచి ఐదు నిమిషాలు, అంతకు మించి వద్దు. అక్కడ ఫోన్ ఇవ్వకండి, ఇస్తే ఫోన్ కోసం కూర్చుంటారు.
5. పగలు డైపర్ తీసేయండి. తడి తగలకపోతే నేర్చుకోవడానికి ఏమీ లేదు.
6. చెడ్డీ దింపడం, కూర్చోవడం, కడుక్కోవడం, చెడ్డీ ఎక్కించడం, నీళ్లు పోయడం, చేతులు కడగడం: ఆరు ఫొటోలు వరసగా గోడకు, బిడ్డ కళ్ల ఎత్తులో.
7. తడిస్తే తిట్టొద్దు, నవ్వొద్దు. బాత్రూమ్‌కి తీసుకెళ్లి అక్కడే బట్ట మార్చండి.

కడుక్కోవడానికి ఇంకో అడ్డంకి ఉంది. చేతులు పొట్టి కావడంతో వెనక్కి అందదు. బట్టల క్లిప్పులు నాలుగు బిడ్డ చొక్కాకు వెనక నడుము దగ్గర పెట్టి, ఒక్కొక్కటీ తీయమని ఆటలా ఆడించండి. రెండు మూడు నెలల్లో చెయ్యి అక్కడికి చేరుతుంది. ఆడపిల్లలకు ముందు నుంచి వెనక్కి కడగడం మొదటి రోజు నుంచే.

వచ్చిన అదుపు పోతే దాని వెనక కారణం ఉంటుంది: మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, బడి బాత్రూమ్ వాసన, తలుపు గడియ భయం. అదుపు తప్పడంతో పాటు నడకా మారితే మాత్రం ముందు చెప్పిన మెడ సమస్యేమో అనుమానించాలి.

రోడ్డు మీద కూర్చుండిపోతే

నడుస్తూ నడుస్తూ ధబాలున కూలబడి ఇక లేవకపోవడం ఈ పిల్లల ఇళ్లలో అందరికీ తెలిసిన దృశ్యం. అలసట, ఎటు వెళ్తున్నామో తెలియకపోవడం, ఆడుతున్న ఆట ఉన్నట్టుండి ఆపించడం, పెద్ద చప్పుడు, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. చెయ్యి పట్టి లాగకండి, కీలు జారొచ్చు. పక్కనే మీరూ కూర్చుని ఒక నిమిషం మాట్లాడకుండా ఉండండి. తర్వాత రెండిట్లో ఒకటి ఎంచుకోనివ్వండి: "సంచి నువ్వు మోస్తావా, గొడుగు మోస్తావా?" చేతిలో పని పెడితే కాళ్లు లేస్తాయి. బయల్దేరే ముందే "ముందు గుడి, తర్వాత ఐస్‌క్రీమ్" అని ఫోన్లో రెండు ఫొటోలు చూపిస్తే సగం కూర్చోవడాలు తగ్గుతాయి.

చెప్పకుండా గేటు దాటి పోయే పిల్లలుంటే గడియ పెద్దవాళ్ల తల ఎత్తులో బిగించండి. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు వెళ్లేటప్పుడు చొక్కా లోపల మీ ఫోన్ నంబరు రాసిన గుడ్డ ముక్క కుట్టండి.

అక్షరాల కంటే ముందు మాటలు

అ, ఆ, ఇ, ఈ దగ్గర మొదలుపెడితే యాభై ఆరు అక్షరాలు దాటేలోపే ఏళ్లు గడుస్తాయి. ఒంటరి అక్షరానికి అర్థం లేదు, కాబట్టి నిలవదు. కంటి జ్ఞాపకం బాగా ఉన్న పిల్లలకు మొత్తం మాటను బొమ్మలా చూపించడం మేలు. మూడేళ్లకు ఫొటోలు జతచేయగలిగితే మొదలుపెట్టొచ్చు.

పోస్టుకార్డంత తెల్ల అట్టల మీద మీ బొటనవేలంత ఎత్తు అక్షరాలతో నాలుగు మాటలు రాయండి: అమ్మ, నాన్న, ఇడ్లీ, బంతి. ఆకారాల్లో తేడా ఉన్నవే కావాలి. "పలక", "పడక" లాంటి జంటలు ఇప్పుడే వద్దు. ప్రతి మాటా రెండేసి కార్డులు. మొదట జత: "అమ్మ" కార్డు ఇచ్చి ఇంకో "అమ్మ" మీద పెట్టించండి. తర్వాత ఏరడం: రెండు కార్డులు పరిచి "అమ్మ ఏది?" చివరికి చదవడం: కార్డు చూపి "ఏమిటిది?" ఈ వరస మార్చకండి. చాలామంది తిన్నగా మూడోదానికి వెళ్లి, బిడ్డ చెప్పలేకపోతే "దీనికి రాదు" అంటారు. చెయ్యి తప్పు కార్డు వైపు పోతుంటే తప్పు జరగకముందే సరైన దాని వైపు నడిపించండి, ఎందుకంటే చేసిన తప్పు కూడా గుర్తుండిపోతుంది. ఐదు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. ఇరవై మాటలయ్యాక "అమ్మ రా", "బంతి ఇవ్వు" అని రెండు కార్డులు కలపండి. గుణింతాలు అప్పుడు, తెలిసిన మాటల్లోంచి: "పాలు"లో పా, "పాప"లో పా. చదివే మాట నోటికీ తేలికగా వస్తుంది. మాటలు రాని పిల్లలకు చదువెందుకు అనేవాళ్లు దీన్ని తలకిందులుగా ఆలోచిస్తున్నారు.

లెక్కలు కష్టమే. నోటితో ఒకటి నుంచి ఇరవై అప్పజెప్పే పిల్లాడు మూడు చెంచాలు తెమ్మంటే గుప్పెడు తెస్తాడు. అంకెలు అప్పజెప్పించడం ఆపి కంచాలు పెట్టే పని ఇవ్వండి.

పళ్లు, నిద్ర

పళ్లు ఆలస్యంగా, వరస తప్పి వస్తాయి. కొన్ని అసలు రావు. పుచ్చు కంటే చిగుళ్ల జబ్బు ఎక్కువ కాబట్టి బ్రష్ చిగుళ్ల అంచున తిరగాలి. పెద్దయ్యేదాకా రాత్రి బ్రష్ చేసే చివరి చెయ్యి మీదే. గురక, తల వెనక్కి వాల్చి నిద్రపోవడం, కూర్చుని ముందుకు వంగి నిద్రపోవడం ఉంటే నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు అనుమానించాలి. గురక లేకపోయినా నాలుగేళ్లలోపు నిద్ర పరీక్ష ఒకటి చేయించడం మంచిది. పగటి చిరాకుకు, చదువు ఎక్కకపోవడానికి రాత్రి నిద్రే కారణమైన పిల్లలు చాలామంది.

కాగితాలు, కేంద్రాలు

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఉండే సత్వర చికిత్సా కేంద్రాల్లో ఫిజియో, స్పీచ్ ఉచితం. డౌన్ సిండ్రోమ్ ఆ పథకం జాబితాలో ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో పరీక్షలు, శిక్షణ, తల్లిదండ్రులకు ఇంటి కార్యక్రమం దొరుకుతాయి. మండల స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి.

వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌కు ముందుగా స్లాట్ పెట్టించుకోవాలి. కారియోటైప్ రిపోర్టు, ఆధార్, ఫొటోలు వెంట ఉండాలి. ఆ రోజు బిడ్డకు కడుపునిండా పెట్టి, నిద్ర తీరాక తీసుకెళ్లండి. దాంతోపాటే దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు, యూడీఐడీ. వైకల్యం నలభై శాతం, అంతకు మించి ఉంటే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గర్లోని మామూలు బడిలోనో ప్రత్యేక బడిలోనో, మీరు ఎంచుకున్న చోట ఉచిత విద్య హక్కు. దివ్యాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 రూపాయలైంది, తెలంగాణలో 2023లో 4,016. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీ ఖర్చులూ అందులో ఉన్నాయి. బిడ్డకు పద్దెనిమిది నిండాక బ్యాంకు, ఆస్తి పనులకు తల్లిదండ్రులైనా సరే కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ నుంచి సంరక్షకులుగా ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వస్తుంది.

బడిలో చేర్చిన రోజు టీచరుకు ఒక పేజీ రాసివ్వండి. జబ్బు చరిత్ర కాదు: ముందు బెంచీ కావాలి, ఒకసారి ఒకే పని చెప్పండి, పది లెక్కపెట్టి ఆగండి, ఒంటికి ఈ సైగ చేస్తుంది, పిల్లిమొగ్గలు వద్దు. అంతే.

అక్కలు, తమ్ముళ్లు, తర్వాత పదేళ్లు

తోబుట్టువుకి చెప్పేది పొట్టిగా, నిజంగా చెప్పండి. "తమ్ముడు మెల్లగా నేర్చుకుంటాడు, అది అంటుకోదు, మందుతో పోదు." కాపలా డ్యూటీ వాళ్ల మీద వేయకండి. వారానికి ఒక గంట అమ్మో నాన్నో వాళ్లకే, ఫోన్ పక్కన పెట్టి. ఇంటి పనుల్లో ఇద్దరికీ వాటా ఉండాలి. అక్క కంచాలు తీస్తే తమ్ముడు గ్లాసులు తీయాలి, రెండు పగిలినా సరే. స్టీలు గ్లాసులైతే ఆ బాధా లేదు.

ఎనిమిదేళ్లు దాటాక స్నానం, బట్టలు మార్చడం తలుపు మూసే జరగాలి. ముద్దొస్తున్నాడని వచ్చినవాళ్లందరికీ ముద్దులు పెట్టించే అలవాటు అప్పటికి నమస్కారంగా మారిపోవాలి. పరిచయం లేనివాళ్ల ఒళ్లో కూర్చోవడం పదిహేనేళ్లప్పుడు మాన్పించడం చాలా కష్టం. ఆడపిల్లలకు నెలసరి మిగతా పిల్లల వయసులోనే వస్తుంది. అంతకు ఏడాది ముందే సాధన మొదలుపెట్టండి: పాత చెడ్డీ లోపల స్కెచ్ పెన్నుతో ప్యాడ్ ఆకారం గీయండి, ఆ గీత మీదికి సరిగ్గా ప్యాడ్ అతికించడం నేర్పండి. నెలకు రెండు రోజులు ప్యాడ్ పెట్టుకుని తిరగనిచ్చి, కుంకుమ నీళ్లు చల్లిన ప్యాడ్‌ను తీసి, కాగితంలో చుట్టి, చెత్తబుట్టలో వేయడం దాకా చేయించండి. తీయడం ముందు, అతికించడం తర్వాత, ఇక్కడ కూడా చివరి ముక్క నుంచే.